చిగురు అంచున ఒక చెయ్యి

పరికరం పన్నుకి తగలకముందే ఆమె ఉంగరపు వేలు తన చోటు వెతుక్కుంటుంది. పక్క పన్ను మీదో, దాని అవతలి పన్ను మీదో ఆనుతుంది. అది కుదురుగా నిలిచాకే మిగతా మూడు వేళ్ళు కలిసి పట్టుకున్న ఉక్కు పుల్ల కదులుతుంది. కుర్చీలోని మనిషి దగ్గినా, ఉలికిపడి తల తిప్పినా ఆ చెయ్యి కూడా తలతో పాటే తిరుగుతుంది. మొన జారి చిగురులో దిగదు. ఆమదాలవలసలో ఒక పళ్ళ ఆసుపత్రి. గోడవార స్టూలు మీద నేను, కుర్చీలో మా అమ్మ. ముప్పావుగంట సేపు నా కళ్ళు ఆ ఒక్క వేలి మీదే ఉన్నాయి. వడ్రంగిని చూసినా కంసాలిని చూసినా మనం పనిచేసే వేళ్ళనే చూస్తాం. ఊరికే ఆనుకుని ఉన్నట్టు కనిపించే వేలిలో ఎంత పనితనం ఉంటుందో ఆ మధ్యాహ్నం తెలిసింది.

అమ్మకి డెబ్బైకి దగ్గర. షుగరు ఉంది. పళ్ళు తోముకుంటే ఏడాదిగా నెత్తురు పడుతోందట, మాకెవరికీ చెప్పలేదు. ఒకరోజు తూము దగ్గర ఎరుపు చూసి నేనే అడిగాను. "పళ్ళన్నాక నెత్తురు రాదేటి?" అంది. కింద దవడ పన్ను ఒకటి కదులుతోంది కూడా. పీకించేస్తే బాధ వదులుతుందని తీసుకొచ్చాను. డాక్టరుగారు చూసి, పీకడం సంగతి తరువాత, ముందు గార తీయించండి అని పక్క గదికి పంపారు. ఆ గది ఈమెది.

ఈమె డాక్టరు కాదు, నర్సూ కాదు. డెంటల్ హైజీనిస్టు. వచ్చినవాళ్ళంతా డాక్టరమ్మా అని పిలుస్తారు. ఆమె ప్రతిసారీ ఓపిగ్గా, "నేను డాక్టర్ని కాదమ్మా, పళ్ళు శుభ్రం చేసే మనిషిని" అని చెబుతుంది. తన పేరు రాయొద్దని నన్నడిగింది, అందుకని రాయడం లేదు. మన చిన్న ఊళ్ళలో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు అరుదు. చాలాచోట్ల పళ్ళ డాక్టర్లే గార కూడా తీసేస్తారు. అందువల్ల ఇలాంటి చదువు ఒకటుందనీ, దానితో బతకొచ్చనీ మన పిల్లలకి తెలియదు. చట్టానికి మాత్రం ఎప్పుడో తెలుసు. 1948 నాటి డెంటిస్టుల చట్టం డెంటిస్టుకి, పళ్ళసెట్లు తయారుచేసే డెంటల్ మెకానిక్‌కి, డెంటల్ హైజీనిస్టుకి వేరువేరు నిర్వచనాలు ఇచ్చింది, వేరువేరు రిజిస్టర్లు పెట్టింది. హైజీనిస్టు చేసే పని ఆ చట్టం ప్రకారం రెండు రకాలు. గార తీసి, పళ్ళు శుభ్రపరిచి, మెరుగు పెట్టడం ఒకటి. నోటి శుభ్రత ఎలాగో నేర్పడం రెండోది. నేర్పడాన్ని కూడా చట్టం అంతే సమంగా ఆ వాక్యంలో కూర్చోబెట్టింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మన భాషలో పాచి వేరు, గార వేరు. నిద్ర లేవగానే నాలుకకి జిగటగా తగిలేది పాచి. పందుంపుల్లతోనో బ్రష్షుతోనో పోతుంది. పోగొట్టకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు దానిలోకి దిగి కొద్ది రోజుల్లోనే రాయి కడుతుంది. అదే గార. గోడకి పూసే సున్నపు గారకీ పంటి గారకీ మనవాళ్ళు ఒకే మాట వాడారు. రెండింట్లోనూ ఉన్నది కాల్షియమే. ఈ పేరు పెట్టినవాళ్ళ చూపు నాకు అబ్బురంగా ఉంటుంది. ఒకసారి రాయి కట్టాక ఏ పళ్ళపొడీ దాన్ని కరిగించదు. ఎంత గట్టిగా తోమినా అరిగేది పన్నే. మనిషి చేత్తోనో, ఆ చేతిలోని యంత్రంతోనో తీయాల్సిందే.

ఆమె అద్దం పెట్టి ముందుగా చూసేది కింది ముందరి పళ్ళ లోపలి వైపు, నాలుక ఆనే వైపు. ఆ తరువాత పై దవడ పళ్ళ బుగ్గవైపు. ఉమ్మి గ్రంథుల నాళాలు తెరుచుకునేది ఆ రెండు చోట్లే కాబట్టి గార మొదట పేరుకునేదీ అక్కడే. చిగురుకి పైన ఉన్న గార పసుపు, తెలుపు కలిసిన రంగులో కంటికి కనిపిస్తుంది, త్వరగానే ఊడుతుంది. చిగురు లోపల, పంటి వేరుని పట్టుకుని ఉండే గార వేరే రకం. నల్లగా, గట్టిగా, పలుచగా అంటుకుని ఉంటుంది. కంటికి కనపడదు. అమ్మ పన్నుని కదిలిస్తున్నది అదే.

మొదట యంత్రం. సన్నటి మొన సెకనుకి పాతికవేల సార్లకు పైగా కంపిస్తుంది. దాని వేడి పంటికి తగలకుండా నీళ్ళ తుంపర పడుతూ ఉంటుంది. గార పెచ్చులు ఊడి ఆ నీళ్ళలో కొట్టుకుపోతాయి. యంత్రం పని చూడటానికి బాగుంటుంది గానీ దాని గురించి ఎక్కువ రాయను. నా మనసు పట్టుకున్నది, ఆమె దాన్ని ఆపేసిన తరువాత గదిలో నిశ్శబ్దం పడిన క్షణం. యంత్రం చేసినదాన్ని ఆమె నమ్మదు. ట్రేలోంచి సన్నటి, వంపు తిరిగిన ఉక్కు పుల్ల తీసింది. దాని పేరు ఎక్స్‌ప్లోరర్. పట్టీ పట్టనట్టు, నెమలి ఈక పట్టినట్టు పట్టుకుని చిగురుకీ పంటికీ నడుమ జారవిడిచింది. కళ్ళు పంటి మీద లేవు. కిటికీ వైపు ఉన్నాయి. చీకట్లో పెట్టెలో చెయ్యి పెట్టి తాళంచెవి కోసం తడిమే మనిషి చూపు అది. పుల్ల కింద నుంచి పైకి వస్తూ ఒకచోట చిన్నగా ఆగింది. నాకు ఏమీ తెలియలేదు, అమ్మకీ తెలియలేదు. ఆమెకి తెలిసింది. "ఇక్కడ ఇంకా ఉంది," అంది.

అప్పుడు క్యూరెట్లు బయటికొచ్చాయి. ఈ పనిముట్ల సంగతి కాస్త చెప్పాలి, వాటి నిర్మాణంలోనే ఎంతో ఆలోచన ఉంది. సుమారు ఎనభై తొంభై ఏళ్ళ కిందట అమెరికాలో మిషిగన్‌కి చెందిన క్లేటన్ గ్రేసీ అనే పళ్ళ డాక్టరు వీటిని రూపొందించారు. నోట్లో ప్రతి పంటికీ, ప్రతి పక్కకీ చెయ్యి చేరే దారి వేరు కాబట్టి, ఏ పక్కకి ఆ పనిముట్టు ఉండాలని గ్రేసీ అనుకున్నారు. 5/6 అని అంకె ఉన్నది ముందు పళ్ళకి. 7/8 దవడ పళ్ళ బుగ్గవైపుకి, నాలుకవైపుకి. 11/12 దవడ పంటి ముందు పక్కకి. 13/14 దాని వెనక పక్కకి, అంటే నోట్లో అన్నిటికన్నా చేరరాని చోటుకి. ప్రతి మొనకీ రెండు అంచులున్నా కోసేది ఒక్కటే. పంటి వైపు ఉండే అంచుకి పదును ఉంటుంది, చిగురు వైపు ఉండే అంచుకి ఉండదు. పన్నుని శుభ్రం చేస్తూనే చిగురుని కాచే ఏర్పాటు ఆ ఉక్కులోనే ఉంది.

ఆమె 13/14 తీసుకుంది. మొనని పంటికి పూర్తిగా ఆనించి, మూసినట్టుగా చిగురు లోపలికి దించింది. అడుగు తగిలాక మొనని కొంచెం తెరిచింది. ఆ తెరవడం కంటికి కనపడేటంత కూడా లేదు. తరువాత లాగింది. లాగింది వేళ్ళతో కాదు. వేళ్ళు పుల్లని పట్టుకుని ఉన్నాయి, అంతే. ముంజేయి మొత్తం ఉంగరపు వేలి ఆనిక మీద తలుపు కీలులా ఇంచుక తిరిగింది. రెండు మూడు మిల్లీమీటర్ల లాగుడు. మళ్ళీ దించడం, మళ్ళీ తెరవడం, మళ్ళీ లాగడం. ప్రతి లాగుడూ అంతకుముందుదాని మీదికి కాస్త ఎక్కుతుంది, పొలంలో దుక్కి చాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు. మొదట్లో కరకర చప్పుడు. పోను పోను అది సన్నబడి, చివరికి చప్పుడు లేదు. అప్పుడు ఆగింది. గాజుగుడ్డ మీద నల్లటి గింజ ఒకటి పెట్టి అమ్మకి చూపించింది. నువ్వుగింజలో సగం ఉంటుందేమో.

ఎక్కడ ఆగాలన్నది ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన విద్య. పంటి వేరు మీద సిమెంటం అనే పలుచటి పొర ఉంటుంది. గార పోయాక కూడా గీకుతూ పోతే ఆ పొర పోతుంది. ఆ తరువాత చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది. తక్కువ చేస్తే గార మిగిలిపోతుంది, మళ్ళీ చిగురు వాస్తుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి గీతని ఎవరూ కంటితో చూడలేరు. చెయ్యి చెప్పాలి.

పనిముట్టు మొద్దుబారితే ఆ చెయ్యి కూడా మోసపోతుంది. మొద్దు అంచు గారని ఊడదీయదు, దాని మీదే రుద్దుకుంటూ పోయి నున్నబరుస్తుంది. నున్నబడ్డ గార చేతికి పన్నులాగే తగులుతుంది. శుభ్రమైందనుకుని వదిలేస్తాం, లోపల అది అలాగే ఉంటుంది. అందుకే ఆమె రోజూ పొద్దున్న మొదటి మనిషి రాకముందే పదును పెట్టుకుంటుంది. చిన్న సానరాయి మీద నూనె చుక్క వేసి, మొన ముఖానికీ రాయికీ మధ్య లంబకోణం కన్నా కాస్త ఎక్కువ ఎడం ఉంచి మీదికీ కిందికీ ఆడిస్తుంది. తరువాత దీపం కింద పెట్టి చూస్తుంది. పదునెక్కిన అంచు వెలుతురుని తిప్పికొట్టదు, మొద్దు అంచు మీద తెల్లటి గీత మెరుస్తుంది. ఇంకా అనుమానం ఉంటే ప్లాస్టిక్ పుల్ల మీద ఆనించి చూస్తుంది. పదునున్నది పట్టుకుంటుంది, లేనిది జారిపోతుంది. మంగలి, కంసాలి, చెప్పులు కుట్టే మనిషి ఎవరిని అడిగినా, పదును పెట్టుకోవడం దగ్గరే సగం పని ఉందని చెబుతారు.

ఇదంతా చూస్తుంటే నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ. ఆమదాలవలస స్టేషన్‌కి రైల్వేవాళ్ళు పెట్టిన పేరు శ్రీకాకుళం రోడ్. అక్కడ విశాఖ వైపు రైలెక్కితే దూసి, ఆ తరువాత పొందూరు. అమ్మమ్మది ఆ పొందూరు వైపు పల్లె. రాట్నం వడికేది. పొందూరు సన్నఖద్దరు పేరు తెలియని తెలుగువాళ్ళు ఉండరు. 1921లోనే గాంధీగారు యంగ్ ఇండియాలో దాని గురించి రాశారు. ఆ బట్ట అంత సన్నగా రావడానికి కొండపత్తి ఒక కారణం, వడికే చేతులు మరో కారణం. మూడోది వాలుగ చేప దవడ. ఆ ఎముక మీద దువ్వెన పళ్ళకన్నా ఎన్నోరెట్లు సన్నంగా, దట్టంగా చేప పళ్ళు ఉంటాయి. అరచేతిలో ఇమిడే ఆ దవడతో పత్తిని కొంచెం కొంచెంగా దువ్వుతారు. ఆకు పెంకులు, నలుసులు ఆ పళ్ళకి చిక్కుకుంటాయి. పోగు మాత్రం తెగకుండా, ఒకే దిక్కుకి సాగి బయటికొస్తుంది. ఆ తరువాతే గింజ తీయడం, వింటితో ఏకడం, ఏకులు చుట్టి అరటి దొప్పలో దాచుకోవడం. ఇనుప దువ్వెన పెడితే పోగు తెగుతుంది. వేళ్ళతో ఏరితే నలుసు మిగులుతుంది. చేప పళ్ళు ఆ రెండూ జరగనివ్వవు.

అమ్మమ్మ దువ్వేటప్పుడు కళ్ళు పత్తి మీద ఉండేవి కావు. వాకిట్లో ఎవరు పోతున్నారో చూస్తూ, మాతో మాట్లాడుతూ దువ్వేది. నలుసు తగిలిన చోట చెయ్యి దానంతట అదే ఆగేది. ఆసుపత్రి కిటికీ వైపు చూస్తూ గార వెతికిన ఈమె చేతిలో నేను చూసింది ఆ ఆగడాన్నే. పోగు తెగకూడదు, నలుసు మిగలకూడదు. చిగురు తెగకూడదు, గార మిగలకూడదు.

అమ్మమ్మ గురించి రాస్తే ఇంకో మాట కూడా రాయాలి. ఆమె అడ్డపొగ తాగేది. నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చడాన్ని మా వైపు అలా అంటారు. రెండు చేతులూ రాట్నం మీద ఉంటాయి. ఎదురుగా పత్తి ఉంటుంది. నిప్పు బయట ఉంటే రవ్వ రాలుతుంది. లోపల ఉంటే రాలదు, చుట్ట కూడా ఎక్కువసేపు వస్తుంది. ఆమె చెప్పిన లెక్క అది. ఆ వేడి, ఆ పొగ తగిలేది మాత్రం అంగిలికి. ఉత్తరాంధ్ర ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎంతగా ఉండేదో ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కింది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చికి చెందిన ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు చూశారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. చూసినవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారు. అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రచుక్కలు, పుళ్ళు, కొందరిలో క్యాన్సరు కూడా వాళ్ళు నమోదు చేశారు.

అందుకే మా వైపు పల్లెల నుంచి యాభై దాటిన ఆడమనిషి ఎవరు వచ్చినా, పళ్ళకన్నా ముందు ఈమె తల వెనక్కి వాల్పించి అంగిలి చూస్తుంది. అమ్మకీ అలాగే చూసింది. అమ్మ చుట్ట తాగదు, అయినా చూసింది. ఏదైనా తేడాగా కనిపిస్తే తను ఏమీ అనదు, డాక్టరుగారిని పిలుస్తుంది. రోగం పేరు చెప్పడం ఆమె పని కాదు. కానీ ముందుగా చూసే కళ్ళు ఆమెవే. సంవత్సరంలో ఎన్ని వందల నోళ్ళు వెలుతురులో చూస్తుందో తలుచుకుంటే ఆ కళ్ళ విలువ తెలుస్తుంది.

ఈ పనికి ఎందుకొచ్చావమ్మా అని అడిగాను. పని అయిపోయాక, పనిముట్లు ఆటోక్లేవులో పెట్టేసి టీ తాగుతున్నప్పుడు. పెద్ద ఆశయాల మాట ఏమీ చెప్పలేదు. ఇంటర్లో బైపీసీ. డాక్టరు సీటు రాలేదు. బీడీఎస్ ఫీజు ఇంట్లో భరించలేరు. ఈ డిప్లొమా రెండేళ్ళు. రాత్రి డ్యూటీలు ఉండవు. తొందరగా సంపాదనలో పడొచ్చు, తమ్ముడి చదువుకి పనికొస్తుంది. చేరినప్పుడు ఉన్న కారణాలు ఇవి. చుట్టాలు మాత్రం, ఒకళ్ళ పాచిపళ్ళు కడిగే ఉద్యోగమేమిటి, పెళ్ళెలా అవుతుంది అన్నారట. చేరిన కొత్తలో తనకీ అలాగే అనిపించిందని దాచకుండా చెప్పింది.

ప్లాస్టిక్ పళ్ళు బిగించిన బొమ్మ తల మీద నెలల తరబడి చెయ్యి సాధన. వేలు ఎక్కడ ఆనించాలి, మోచెయ్యి ఎక్కడ ఉండాలి, కుర్చీకి ఏ వైపు ఎక్కడ కూర్చోవాలి. గడియారం ముఖంలా రోగి తలని పన్నెండు అనుకుంటే, ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఏ పంటికి ఏ అంకె దగ్గర ఉండాలో లెక్క. తరువాత నిజం నోళ్ళు. మొదట్లో చేతికి ఏమీ తెలిసేది కాదట. గార ఉందని టీచరు చెబితే ఉందనుకోవడం, లేదంటే లేదనుకోవడం. ఒకరోజు ఒక రైతు నోట్లో, దవడ పంటి వెనక, పుల్ల కొస ఆగింది. ఎవరూ చెప్పలేదు. తనకే తెలిసింది. టీచరు వచ్చి తడిమి చూసి, అవును అంది. "ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ నా వేళ్ళు నేనే చూసుకున్నానండి," అని నవ్వింది.

ఒక వృత్తిలోకి ఎందుకొచ్చారని అడిగితే మనం చేరిన రోజు కారణం కోసం వెతుకుతాం. ఆ కారణాలు చాలామందికి ఒకటే: సీటు, ఫీజు, ఇల్లు. నిలిచిపోయిన కారణం అడగాలి. అది ఆమెకి ఆ రైతు నోట్లో, పుల్ల ఆగిన చోట దొరికింది. పని చేతికి తెలియడం మొదలైన రోజున మనిషికి ఆ పని మీద కలిగే ప్రేమ, చదువు చెప్పేవాళ్ళెవరూ ముందుగా ఇవ్వలేనిది. ఇంకో కారణం కూడా చెప్పింది. పక్క గదిలోంచి మనిషి ఒక పన్ను తక్కువై వెళ్తాడు, నా గదిలోంచి ఉన్న పళ్ళతో వెళ్తాడు అంది. డాక్టరుగారి పనిని తక్కువ చేసి అన్నమాట కాదది. తన గది గురించి ఆమెకున్న సంతోషం.

ఈ వృత్తి పుట్టుకలో కూడా ఆ సంతోషమే ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జిపోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే పళ్ళ డాక్టరు, పుచ్చిన పళ్ళు పీకీ పీకీ, పుచ్చకుండా చూసే మనుషులు ఎందుకు ఉండకూడదనుకున్నారు. 1906లో తన దగ్గర సహాయకురాలిగా ఉన్న ఐరీన్ న్యూమన్‌కి పళ్ళు శుభ్రం చేయడం నేర్పారు. 1913లో తన గ్యారేజీనే బడిగా మార్చి మొదటి తరగతి నడిపారు. అక్కడ చదివినవాళ్ళు ఆ ఊరి బళ్ళలోకి వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేశారు, తోముకోవడం నేర్పారు. న్యూమన్ 1917లో కనెక్టికట్‌లో మొట్టమొదటి హైజీనిస్టు లైసెన్సు అందుకున్నారు. ఇప్పుడు ఆ దేశంలో అది గౌరవం, మంచి జీతం ఉన్న ఉద్యోగం. ఇక్కడ బీడీఎస్ చదివి వెళ్ళినవాళ్ళు ఫ్లోరిడా లాంటి చోట పరీక్షలు రాసి హైజీనిస్టు లైసెన్సు తీసుకునే వీలుంది. మన దగ్గర మాత్రం పనికి తగ్గ జీతమూ లేదు, గుర్తింపూ లేదు. రోజంతా మెడ వంచి, చిన్న చోట బలం పెట్టి పనిచేసే ఈ మనుషులకి మెడ, భుజం, మణికట్టు నొప్పులు తప్పవు. శ్రీకాకుళం పక్కనే డెంటల్ కాలేజీ ఉన్న జిల్లాలో, ఇంత నేర్పున్న చేతులకి ఇంకా పెద్ద చోటు ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

చట్టం చెప్పిన రెండో పనికి వస్తాను. గార తీయడం అయ్యాక అమ్మ చేతికి అద్దం ఇచ్చింది. బ్రష్షు ఇచ్చి, ఇంట్లో ఎలా తోముతారో అలాగే తోమమంది. అమ్మ అంట్లు తోమినట్టు అడ్డంగా రుద్దింది. తప్పు అనలేదు. అమ్మ వెనక నిలబడి, అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బ్రష్షు పోచల్ని చిగురూ పన్నూ కలిసే చోట కాస్త ఏటవాలుగా ఆనించి, అక్కడికక్కడే చిన్నగా ఆడించి, పంటి కొస వైపు తిప్పింది. పది పళ్ళ దాకా అలా చేయించి తన చెయ్యి తీసేసింది. అమ్మ చెయ్యి అదే దారిలో వెళ్ళింది. షుగరుకీ చిగుళ్ళ వాపుకీ ఉన్న సంబంధం కూడా అప్పుడే చెప్పింది. షుగరు అదుపులో లేకపోతే చిగురు పాడవుతుంది, చిగురు పాడైతే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. అమ్మకి ఈ మాట నేను చెబితే ఎక్కేది కాదు.

నచ్చచెప్పడంలో ఎంత బలం ఉందో తేల్చిన అధ్యయనంలో మా జిల్లా కూడా ఉంది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందికి దంతవైద్యులు, సమాజ కార్యకర్తలు ముఖాముఖి కూర్చుని మానమని చెప్పారు. మానేసినవాళ్ళు పెరిగారు, నోట్లో మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలు వేసింది. గార తీసే చేతికి చెప్పే నోరు తోడుండాలని చట్టం రాసినవాళ్ళు 1948లోనే అనుకున్నారు.

మేం లేచేసరికి బయట ఒక పెద్దాయన కూచుని ఉన్నాడు. "ఏటమ్మా, ఇది సేయించుకుంటే పళ్ళు ఊగిపోతాయంతన్నారు మావూళ్ళో," అన్నాడు.

"ఊగే పన్నుని గార పట్టుకుని ఉంటాది తాతా. గార తీత్తే ఉన్న ఊగుడు బయటపడతాది. పన్ను ఊగేది గార వల్లే, తీసినందువల్ల కాదు," అంది ఆమె, ఆయన మాటలోకే దిగి. ఆయన కాసేపు ఆలోచించి, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ ఎక్కాడు.

ఆ రోజు గార తీయడానికి ముందు ఆమె మా అమ్మ చిగుళ్ళ లోతు కొలిచింది. గీతలున్న సన్నటి ప్రోబ్‌ని చిగురుకీ పంటికీ మధ్య దించి, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసి కాగితం మీద రాసింది. ఆ ప్రోబ్ మీద ఒకటి, రెండు, మూడు ఉన్నాయి. నాలుగు లేదు. ఐదు ఉంది, ఆరు లేదు, మళ్ళీ ఏడు నుంచి పది దాకా ఉన్నాయి. గీతలన్నీ ఉంటే కన్ను తడబడుతుందని ఆ రెండూ వదిలేశారు. మూడు దాకా ఆరోగ్యం కిందే లెక్క. కదులుతున్న దవడ పంటి వెనక ఐదు దిగింది.

ఆరు వారాల తరువాత మళ్ళీ వెళ్ళాం. అదే గది, అదే కుర్చీ. ఉంగరపు వేలు తన చోటు చూసుకుని ఆనింది. ప్రోబ్ దిగింది, ఆగింది. నెత్తురు రాలేదు. పాత ఐదు పక్కన ఆమె మూడు వేసింది.